కనురెప్ప కింది ఎరుపు

న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ కోర్సులో చేరాలంటే ఏమేం కావాలో ఎవరు అడిగినా ఇప్పటికీ గడగడా చెప్పేస్తాను. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివుండాలి. పదిహేడేళ్లు నిండాలి. చూపు బాగుండాలి. సీసపు డబ్బాలు ఎత్తగలగాలి. ఆడపిల్లలైతే కడుపుతో లేమని సంతకం పెట్టాలి. రక్తపరీక్షలో అన్నీ సరిగ్గా ఉండాలి. ముందు చెప్పినవాటితో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఉప్పాడ ఒడ్డున పడవ దగ్గర్నుంచి ఆటో దాకా ఐసు వేసిన చేపల టబ్బులు మోసినదాన్ని, సీసం నాకొక లెక్కా? నన్ను ఆపింది ఆ చివరిదే.

అలాంటి చదువు ఒకటుందని మాకు తెలిసిందే అమ్మ జబ్బు వల్ల. అమ్మ పిఠాపురం మార్కెట్లో చేపలమ్మేది. రొమ్ములో గడ్డ తగిలినా ఎవరికీ చెప్పకుండా నెలల తరబడి అలాగే గంప ఎత్తుకుని తిరిగింది. ఆ విషయంలో అమ్మ మీద నాకున్న కోపం ఇంకా పోలేదు. మేం ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి, అది ఎముకల్లోకి పాకిందేమో చూడాలి, రాజమండ్రిలో స్కానింగ్ చేయించండి అన్నారు.

అక్కడ అమ్మ చేతికి ఏదో మందు ఎక్కించారు. దాన్లో రేడియేషన్ ఉంటుంది, కాసేపు పక్కన ఎవరూ కూర్చోవద్దన్నారు. నన్నూ నాన్ననీ బయటికి పంపేశారు. అమ్మ తన నీళ్ల సీసా పట్టుకుని ఆ గదిలో ఒక్కతే కూర్చుంది. ఇంతలో లోపల పనిచేసే ఒకమ్మాయి వెళ్లి, వీపు వెనక దిండు సర్ది, సీసా మూత తీసిచ్చి వచ్చింది. తర్వాత మిషను కింద పడుకోబెట్టినప్పుడు, అద్దం ఇవతల నుంచి మైకులో "భయపడకండమ్మా, నేనిక్కడే ఉన్నాను" అంటూనే ఉంది.

తిరుగు బస్సులో అమ్మ స్కానింగ్ ఊసే ఎత్తలేదు.

"మీరందరూ దూరం జరిగారు. ఆ పిల్లొక్కతే దగ్గరికొచ్చింది. అదేం చదువో కనుక్కోవే" అంది.

ఎముకల్లోకి పాకిందని రిపోర్టు వచ్చింది. వెన్నులో, తుంటిలో నల్లటి మచ్చలు నేనూ చూశాను. ఆ వారమే పెద్దమ్మ, అంటే అమ్మకి సొంత అక్క, నన్ను పురుహూతికా అమ్మవారి దగ్గరికి తీసుకెళ్లి మొక్కించింది. అమ్మ లేచి తిరిగేదాకా నేను ఒంటిపూటే తినాలి, నీసు ముట్టకూడదు. మా ఇళ్లలో నీసు మానడమంటే అన్నం మానడమే, వేరే కూర వండడం ఎవరికీ సరిగ్గా రాదు. పచ్చడి మెతుకులు, మజ్జిగ, అంతే. అమ్మకి మాత్రం చెప్పలేదు. తను ముందు గదిలో మంచం మీద ఉండేది, వంటింట్లో ఎవరేం తింటున్నారో తెలిసేది కాదు. నేను మనస్ఫూర్తిగానే మొక్కాను. ఆకలేసినప్పుడల్లా అమ్మకి కాస్త నయమవుతుందన్నట్టే ఉండేది నాకు.

ఇంటర్ మార్కులు బాగానే వచ్చాయి. సీటు దాదాపు ఖాయమే, కాలేజీ ఆసుపత్రికి ఫిట్‌నెస్ పరీక్షకి రమ్మన్నారు. నాన్న కూడా వచ్చాడు. డాక్టరుగారు "పెళ్లయిందామ్మా? కడుపుతో ఏమైనా ఉన్నావా?" అని అడిగితే నాన్న పైన తిరుగుతున్న ఫ్యాను వంకే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఆవిడ రక్తం రిపోర్టు చూసి, ముఖం అదోలా పెట్టి, నా కింది కనురెప్ప లాగి చూశారు.

"తెల్లగా పాలిపోయింది. ఏం తింటున్నావమ్మా అసలు?"

నాన్నే చెప్పాడు.

"ఒంటిపూటేనండి. వాళ్లమ్మకి బాగోలేదని మొక్కుకుందండి."

ఆవిడ తిట్టలేదు. రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్లకి ముందు రక్తం సరిగ్గా ఉండాలి, ఈ రిపోర్టుతో చేర్చుకోలేం అన్నారు. ఐరన్ మాత్రలు రాసిచ్చి, "రెండు పూటలా తిను. అడ్మిషన్లు ముగిసేలోపు మళ్లీ రా, చూద్దాం" అన్నారు.

ఇంటికొచ్చాక మొక్కు సంగతి అమ్మ దగ్గర దాచడం కుదరలేదు. నాన్న అబద్ధం చెప్పలేడు. రెండు పూటలా తినమని అమ్మ అంటే, పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి అడ్డుపడింది.

"మధ్యలో మొక్కు తప్పితే మీ అమ్మ మీదకే వస్తాది. చదువు వచ్చే ఏడైనా చదువుకోవచ్చు. అమ్మ మళ్లీ వస్తాదా?"

నాకూ అదే భయం. సీటు పోతే పోనీ అన్నాను.

మర్నాడు అమ్మ నాన్నతో నెత్తళ్లు తెప్పించింది. కూర్చోలేని మనిషి గోడకి ఆనుకుని పొయ్యి దగ్గర పీట వేయించుకుంది. చేప నేను కడిగాను, మామిడికాయ ముక్కలేసి ఇగురు అమ్మ పెట్టింది. మధ్యలో రెండుసార్లు గరిటె చేతిలోంచి జారిపోయింది. అన్నంలో కలిపి నా నోటి దగ్గర పెట్టింది.

"అమ్మా, వద్దే. నీకేమైనా అయితే?"

"మొక్కింది నా ప్రాణానికే కదా. నా ప్రాణం సంగతి నేను చూసుకుంటాను. నువ్వు తిను."

మొదటి ముద్ద పెరట్లోకి పరుగెత్తి కక్కేశాను. నోరు కడుక్కుని వచ్చేసరికి అమ్మ రెండో ముద్ద కలిపి ఉంచింది. ఏడుస్తూనే తిన్నాను. పెద్దమ్మ ఆ రోజు నుంచి మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు.

తర్వాత రోజూ అదే. వండే ఓపిక పోయాక, నాన్న వండినా ముద్దలు కలపడం మాత్రం అమ్మే. అన్నం తినిపించాక నన్ను మంచం మీదకి వంగమని కింది కనురెప్ప లాగి చూసేది. మార్కెట్లో చేప తాజాగా ఉందని చూపించడానికి మొప్ప ఎత్తుతారు చూడండి, సరిగ్గా అలాగే. "ఇంకా తెల్లగానే ఉంది" అనేది. కొన్నాళ్లకి "కాస్త రంగు తేలింది" అంది. మేమిద్దరం నవ్వుకున్నది ఆ ఒక్కరోజే.

డాక్టరుగారి దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిన వారంలోనే అమ్మ పోయింది. అంతకుముందు రోజు కూడా ముద్ద కలిపింది. చెయ్యి లేవక కంచంలోనే వదిలేస్తే నేనే తీసుకుని తిన్నాను.

శవం ఇంకా వాకిట్లో ఉండగానే పెద్దమ్మ అందరి ముందూ అంది.

"తల్లిని మింగావు కదే."

ఎవరూ ఆమెని వారించలేదు. ఆ మచ్చలు నేను నెత్తళ్లు తినకముందే ఎముకల్లో ఉన్నాయి. నా కళ్లతో చూశాను. తర్వాత అదే చదువు చదివాను, ఆ మచ్చలు ఎందుకు పడతాయో పుస్తకంలో ఉన్నదంతా చెప్పగలను. అయినా ఆ మాట నాలోంచి పోలేదు, పోతుందన్న ఆశ కూడా లేదు.

అడ్మిషన్ల ఆఖరి రోజు మైలలోనే వచ్చింది. ఇల్లు దాటకూడదని పెద్దమ్మ మళ్లీ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఆమెకెప్పుడూ ఎదురు చెప్పని నాన్న చెప్పులేసుకున్నాడు.

"వాళ్లమ్మ పంపమంది వదినా. తప్పుకోండి" అన్నాడు.

ఆసుపత్రిలో మా సంగతి ఎవరికీ తెలీదు. నాన్నా నేనూ చెప్పలేదు. చెబితే ఏడుస్తానని నాకు భయం, ఏడిస్తే రక్తపరీక్షలో ఏదో తేడా వస్తుందని నాన్న భయం. రక్తం తీసుకుని కూర్చోమన్నారు. మధ్యాహ్నం దాటాక డాక్టరుగారు పిలిచారు. రిపోర్టు చూసి, నా కింది కనురెప్ప లాగి చూసి, నవ్వారు.

"ఎర్రగా ఉంది. సీటు నీదే. ఏం తిన్నావేంటి?"

"చేపలండి. మా అమ్మ తినిపించిందండి."

"అలాగే తినిపించమని చెప్పు మీ అమ్మగారికి. ఆపొద్దని చెప్పు."

"అలాగేనండి, చెప్తాను" అన్నాను.