నీళ్లు కలిపిన కల్లు

ప్రజ్ఞాపూర్‌లో బస్సెక్కిన పెద్దావిడ, మూతికి గుడ్డ చుట్టిన కల్లు సీసాతో నా పక్కన కూర్చుంది. నేను ఒళ్లోని నా పాపకు పట్టే ముందు పాలచుక్క ఒకటి అరచేతిలో వేసుకుని రుచి చూస్తున్నాను.

"నీళ్లు కలిపినవా బిడ్డా?"

"అవును పెద్దమ్మా. అరుగుతలేవని డాక్టరు పలుచగ పట్టమన్నడు."

"నేను గూడ కలిపిన," అంటూ సీసా చూపింది.

ఆమె భర్త తాళ్లెక్కి కల్లు గీసే మనిషి. సిద్దిపేట దవాఖానలో ఉన్నాడు. ఏమీ మింగలేకపోతున్నా, ఒక్క గుక్క కల్లు కావాలన్నాడట. కడుపుకు పడదేమోనని ఆమె పొద్దున దింపిన కల్లులో సగం నీళ్లు పోసింది.

"నీళ్ల కల్లు పోసినోన్ని జిందగంత తిట్టిండు. గిప్పుడు నన్ను తిడ్తడేమో! జెర సూసి చెప్పు బిడ్డా. నా నోటికేం తెలుస్తలేదు."

నేనెన్నడూ కల్లు ముట్టలేదు. అయినా అరచేయి చాపాను. ఆమె వేసిన చుక్కలో ముందు తీపి, ఆ తర్వాత సన్నటి పులుపు తగిలింది.

"బాగుంది పెద్దమ్మా."

"గట్లయితే తిట్టడు," అని నవ్వింది.

సిద్దిపేట బస్టాండులో ఆమె కొడుకు ఎదురొచ్చాడు.

"బాపు పోయిండవ్వా," అంటూ సీసా అందుకోబోయాడు.

ఆమె సీసా వదల్లేదు. ఏడవలేదు. నా వైపు తిరిగింది.

"బాగనే ఉన్నదన్నవు గద బిడ్డా?"

"బాగుంది పెద్దమ్మా."

పాపకిప్పుడు చిక్కటి పాలే అరుగుతున్నాయి. అయినా మొదటి చుక్క నా అరచేతిలోనే వేసుకుంటాను.