టోపీ లేని ఫొటోలు

బిట్రగుంటలో ఉండే రిటైర్డ్ రైలు డ్రైవరు ఏసురత్నం గారు పోయిన ఆదివారం చర్చి నుంచి రాగానే పాత యూనిఫాం వేసుకుని నా కెమెరా ముందు కూర్చున్నారు. ఆ బ్లాక్ అండ్ వైట్ రీలును ఈరోజు మధ్యాహ్నం కావలిలో మా బాత్రూంలోనే కడిగాను. ఒక్క బొమ్మా రాలేదు! ఫిల్ము అంచున కంపెనీవాళ్లు ముందే వేసే, కడిగితే తేలాల్సిన నంబర్లు కూడా లేవు. అంటే తప్పు కెమెరాది కాదు. ముందు బొమ్మను తేల్చే డెవలపర్ పోయాల్సింది, నేను ఆ తర్వాత పోయాల్సిన ఫిక్సర్ పోసేశాను, అది ఫిల్మునంతా తుడిచేసింది. గంటసేపు వరండాలో అటూ ఇటూ తిరిగి, చివరికి ఆయనకు ఫోన్ చేశాను.

"పెదనాయనా, ఫొటోలన్నీ పోయినాయి. తప్పు నాదే."

"పోతే పోనీలే అబ్బయా. ఆ రోజు టోపీ పెట్టుకోవడం మర్చిపోయినా. వారం నుంచీ నాకు అదే బాధ. రేపు రా."

ఆయన నవ్వారు గానీ, నాకు రేపటిదాకా కాలు ఒకచోట నిలిచేట్టు లేదు. ఇంట్లో ఫిల్ము కడిగేవాళ్లు, మీరు పాడుచేసిన రీళ్ల సంగతి చెప్పండి, కాస్త ధైర్యం వస్తుంది.