పిట్ట దూరాల్సిన కన్నం

ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుపోతే ఆ వీధుల్లో ముందు వినిపించే మాట "పిట్టను పిలవండి" అని. పిట్ట అంటే లిఫ్టు మెకానిక్. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. పాత భవనాల లిఫ్టులకు పైకప్పులో ఒక మూత ఉంటుంది. తలుపు బయటి నుంచి ఎంతకీ తెరుచుకోకపోతే, ఎవరో ఒకరు లిఫ్టు నెత్తికెక్కి, ఆ మూత తీసి, కన్నంలోంచి లోపలికి దిగాలి. పనయ్యాక అదే కన్నం అంచు పట్టుకుని పైకి లేవాలి. ఆ పనిలో ఆమెకు సాటి వచ్చేవాళ్ళు బృందంలో లేరు. మిగతావాళ్ళలో ఒకడికి భుజాలు అడ్డం, ఒకడికి బొజ్జ అడ్డం, ఇంకొకడికి భయం అడ్డం.

ఇప్పుడు పిట్టకు నాలుగు నెలల కొడుకు. పని చొక్కా తొడుక్కుని చూస్తే గుండీలూ కాజాలూ అలిగిన వియ్యపురాళ్ళలా చెరో పక్కా నిలబడ్డాయి. ఎంత బతిమాలినా దగ్గరికి రాలేదు.

ఆ వారమే మేస్త్రి ఫోన్ చేశాడు. బృందానికి ఆయనే పెద్ద.

"ఏం పిట్టా, బాబెలా ఉన్నాడు?"

"బాగున్నాడు మేస్త్రిగారూ. గొంతు మాత్రం అచ్చం మీదే."

"అయితే పైకొస్తాడులే. సరేగానీ, సెలవయ్యాక ఎక్కడికొస్తావు? ఫోన్ల బల్ల దగ్గర కుర్చీ ఖాళీ అయింది. కూర్చుని చేసే పని, నీకు సుఖంగా ఉంటుంది."

"నేను సుఖం అడగలేదండీ."

"అడగలేదమ్మా, ఎవరు కాదన్నారు? కానీ ఒళ్ళు ఒకప్పటిలా ఉండదుగా. ఒక పని చెయ్యి. వచ్చిన రోజు మన యార్డులో పాత లిఫ్టు పెట్టె ఉంది కదా, అందులోకి పైనుంచి దిగి, మళ్ళీ పైకి రా. వచ్చావా, నీ పని నీది. రాలేదా, కుర్చీ నీది. మనసులో ఏం పెట్టుకోకు."

మనసులో పెట్టుకోకుండా ఎలా ఉంటుంది? ఫోన్ల బల్ల దగ్గర కూర్చుంటే రోజంతా "మా వాళ్ళు వస్తున్నారండీ" అని చెప్పాలి. ఆ వచ్చేది ఇంకెవరో అవుతారు. గ్రీజు వాసన, చీకట్లో తాళ్ళ సన్నని రొద, తలుపు తెరుచుకోగానే లోపలున్నవాళ్ళ ముఖంలో వెలిగే వెలుగు, ఇవన్నీ ఆ ఇంకెవరివో అయిపోతాయి.

ఆమె మెకానిక్ కదా, బరువు తగ్గాలి అనుకుని ఊరుకోలేదు. ఎంత తగ్గాలో కొలత కావాలనుకుంది. భర్త బేకరీలో పని చేస్తాడు. అతను తెచ్చిన పెద్ద అట్టపెట్టె ఒకటి విప్పింది. కన్నంలో దిగేటప్పుడు అంచు రెండు పక్కలా ఎలా ఒరుసుకునేదో ఆమెకు బాగా గుర్తు. కడుపుతో ఉండకముందు ఒంటికి అతుక్కున్నట్టుండే కుర్తా ఒకటి అట్ట మీద పరిచి, దాని చుట్టూ గీత గీసి, మరో వేలెడు ఎడం కలిపి నలుచదరంగా కోసేసింది. ఆ చట్రాన్ని వంటగదికీ ముందు గదికీ మధ్య గుమ్మంలో వేలాడగట్టింది. రోజూ పొద్దున్నే అందులోంచి దూరి చూసుకోవడం. భుజాలు దూరేవి. నడుం దగ్గరికొచ్చేసరికి అట్ట కిర్రుమనేది.

అత్తగారు చూసి నోరు నొక్కుకుంది.

"ఇదేమిటే, కుక్కపిల్లల సర్కస్ పెడుతున్నావా ఇంట్లో?"

"లిఫ్టు కన్నం అత్తయ్యా. దీంట్లో పడితేనే నా ఉద్యోగం."

"దాంట్లో పడకపోతే వంటగదిలోకి కూడా రానివ్వవా నన్ను?"

ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. పిట్ట రాత్రి భోజనం మానేసింది. పగలు సగం కంచంతో లేచిపోయేది. ఫోన్లో ఎవరో చువ్వలాంటి అమ్మాయి చేస్తుంటే చూసి, ఉయ్యాల పక్కన నేల మీద వెల్లకిలా పడుకుని, తల కింద చేతులు పెట్టుకుని ఎడాపెడా లేచి కూర్చోవడం మొదలుపెట్టింది. లేచిన ప్రతిసారీ పొట్ట మధ్యలో నిలువుగా ఒక గట్టు లేచేది, బోర్లించిన పడవ అడుగులా. అది కొవ్వే అనుకుని ఇంకా పంతంగా లేచేది.

వారం తిరిగేసరికి పిల్లవాడు రొమ్ము వదలకుండా గింజుకోసాగాడు. తాగుతూనే ఏడుపు, ఏడుస్తూనే తాగడం. తడిసే గుడ్డలు తగ్గాయి. పిట్టకు తన చేతులతో తనే పిల్లవాడి నోటి దగ్గర కూడు లాగేస్తున్నానేమోనన్న ఆలోచన వచ్చాక ఇంకో ఆలోచన రాలేదు.

"చెప్తే విన్నావా?" అంది అత్తగారు కంచం నిండా అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంటూ. "పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు. నువ్వు పరిగెత్తుతున్నావు, వాడికి పాలూ లేవు. తిను ముందు."

పిట్ట ఏడుస్తూనే తిన్నది. ఏడుస్తూ తిన్నా అన్నం రుచిగానే ఉందని ఆమెకు కోపం కూడా వచ్చింది.

మర్నాడు పిల్లవాణ్ణి తీసుకుని టీకాలు వేసే నర్సమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ముందు పిల్లవాణ్ణి తూచింది. బరువు పెరుగుతూనే ఉన్నాడు, కాస్త నెమ్మదించాడంతే. తర్వాత తల్లిని బల్ల మీద పడుకోమంది. తల కొద్దిగా ఎత్తమని, బొడ్డు మీద వేళ్ళు ఆనించి నొక్కి చూసింది.

"ఎక్సర్‌సైజులు ఏమైనా చేస్తున్నావా?"

పిట్ట చెప్పింది. నర్సమ్మ నుదురు కొట్టుకోబోయి ఆగింది.

"అమ్మా, పొట్ట ముందు కండరాలు రెండు రెక్కల తలుపు లాంటివి. బిడ్డకు చోటివ్వడానికి మధ్యలో అతుకు సాగి, రెక్కలు చెరో పక్కకీ జరుగుతాయి. కాన్పయ్యాక మెల్లగా దగ్గరికొస్తాయి. నీవి ఇంకా పూర్తిగా రాలేదు. నువ్వేమో లోపల్నుంచి పొట్టతో ఆ తలుపును గుద్దుతున్నావు. గట్టులా లేస్తోందన్నావే, అది కొవ్వు కాదు, ఆ సందులోంచి లోపలిది పైకి పొంగడం."

పిట్ట లేచి కూర్చుంది. తలుపు సంగతి ఆమెకొకరు చెప్పాలా? రెక్కలు కలవని లిఫ్టు తలుపును భుజంతో తోసి మూసేవాళ్ళను ఆమె ఎన్నిసార్లు తిట్టింది! తోస్తే తలుపు జరిగే పట్టా వంగుతుంది. ముందు పట్టా సరిచెయ్యాలి, తర్వాత తలుపు దానంతటదే జరుగుతుంది.

"అయితే పట్టా సరిచేసే దారి చెప్పండి," అంది.

నర్సమ్మకు పట్టా ఏమిటో అర్థం కాలేదు గానీ దారి చెప్పింది. కడుపు నిండా తిను, పాలకు శక్తి కావాలి. మానాల్సింది భోజనం కాదు, మధ్యమధ్య తినే తీపి. బరువు నెమ్మదిగా దిగితేనే పాలు తగ్గవు. ఏ బరువెత్తినా ముందు ఊపిరి బయటికి వదులుతూ బొడ్డును వెన్ను వైపు లాక్కో, తర్వాత ఎత్తు. వెల్లకిలా పడుకుని ఒక మడమ చాపు, వెనక్కి తీసుకో, రెండోది చాపు. గోడకు చేతులాన్చి వంగి లేవడం కొన్నిసార్లు. రోజూ నడక. గట్టు లేచిందా, అక్కడ ఆగిపో.

అలా మొదలైంది అసలు సాధన. చూసేవాళ్ళకు అది సాధనలా కనపడేదే కాదు. పిట్ట ఉయ్యాల్లోంచి పిల్లవాణ్ణి ఎత్తుకునే ముందు ఉస్సుమని ఊపిరి వదిలేది. నీళ్ళ బకెట్ ఎత్తే ముందు ఉస్సు. కుర్చీలోంచి లేచే ముందు ఉస్సు. "ఈ పిల్ల ఇంట్లో పాము తిరుగుతున్నట్టు చేస్తోంది," అని అత్తగారు పక్కింటావిడతో చెప్పి నవ్వింది. కానీ నాలుగు రోజులకు ఆవిడే మంచం మీంచి లేస్తూ ఉస్సుమంది. మోకాళ్ళు తేలిగ్గా ఉన్నాయట.

బేకరీ మొగుడితో వేరే పేచీ. రోజూ మధ్యాహ్నం మిగిలిన తీపి బన్నులు సంచీ నిండా తెచ్చేవాడు.

"పారేయమంటావా? పాపం కాదూ?" అన్నాడు.

"ఆ పాపం నా నడుం మీద ఎందుకు పెడతావు? ఆదివారం ఒకటి తే, సంతోషంగా తింటా. మిగతా రోజులు సంచీ మన మెట్లెక్కకూడదు."

నడక కోసం పిల్లవాణ్ణి గుండెలకు కట్టుకుని తమ భవనం మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టింది. దాంతో కొత్త చిక్కొచ్చింది. లిఫ్టు మెకానిక్ రోజూ మెట్ల మీద వెళ్తోందంటే లిఫ్టు సంగతి ఏదో తేడా ఉండే ఉంటుందని భవనమంతా గుప్పుమంది. పై అంతస్తు తాతగారు సైతం ఆయాసపడుతూ మెట్లే ఎక్కాడు. కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, నీకు దండం పెడతా. లిఫ్టు బాగుందని అందరికీ ఒక్క మాట చెప్పు. నన్ను చంపుకు తింటున్నారు."

పిట్ట లిఫ్టులో ఒక చుట్టు తిరిగి, ప్రతి అంతస్తులో తలుపు తెరిచి, "బ్రహ్మాండంగా ఉంది, ఎక్కండి బాబూ, లావు నాది, లోపం దానిది కాదు!" అని చెప్పి వచ్చింది. ఆ మాట అంత ధైర్యంగా నలుగురిలో అనడం ఆమెకదే మొదలు. అన్నాక ఒళ్ళు సగం తేలికైనట్టనిపించింది.

పాలు మునుపటిలా పడ్డాయి. తడి గుడ్డలు దండెం నిండా ఆరాయి. పిట్ట బట్టలు మెల్లగా వదులయ్యాయి, అడిగితే గానీ తెలియనంత మెల్లగా. అట్ట చట్రం మాత్రం నడుం దగ్గర ఇంకా కిర్రుమంటూనే ఉంది. సెలవు అయిపోవస్తుంటే ఆ కిర్రు వినపడినప్పుడల్లా ఆమెకు ఫోన్ల బల్ల మోగినట్టుండేది.

ఒక సాయంత్రం మేస్త్రి పిల్లవాణ్ణి చూడటానికి వచ్చాడు. గుమ్మంలో చట్రం తలకు కొట్టుకుంది.

"ఇదేంటి, పిల్లి దూరే కంతా?"

"మన మూత కన్నమండీ. ఒరుసుకుంటోంది ఇంకా."

మేస్త్రి జేబులోంచి టేపు తీసి కొలిచాడు. ఆమె వైపు చూశాడు. మళ్ళీ కొలిచాడు. తర్వాత కుర్చీలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకు పిల్లవాడు దడుచుకుని లేచాడు.

"పిట్టా, అసలు కన్నం దీనికన్నా జానెడు వెడల్పు ఎక్కువే. నువ్వెప్పుడైనా పనిముట్ల బెల్టు లేకుండా అందులో దిగావా? ఒరుసుకున్నది నువ్వు కాదే, నీ బెల్టు!"

పిట్ట నడుం చుట్టూ స్పానర్లు, టార్చి, సుత్తి వేలాడేసుకుని దిగిన ఆ కన్నాన్ని ఒట్టి ఒంటికి కొలిచి కోసింది. లేని కన్నం కోసం పిల్లవాడి పాలు కూడా ఎండబెట్టబోయింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చి, చివరికి నవ్వే గెలిచింది.

"బెల్టు విప్పి ముందు కిందికి జారవిడిస్తే నువ్వివాళే దూరతావు," అన్నాడు మేస్త్రి. "నేను చూద్దామనుకున్నది దూరతావా లేదా అని కాదమ్మా. లోపలికి ఎవడైనా జారతాడు. పైకి లేవాలి. అక్కడ చెయ్యి పట్టు తప్పితే నీతోపాటు లోపల ఇరుక్కున్నవాడి ప్రాణం మీదికొస్తుంది."

ఆయన వెళ్ళగానే పిట్ట చట్రం విప్పి చెత్తలో పడేసింది. నర్సమ్మ మళ్ళీ వేళ్ళు ఆనించి చూసి, రెక్కలు చాలావరకు కలిశాయని చెప్పాక, అదే గుమ్మానికి ఇనుప గొట్టం బిగించింది. మొదట కాళ్ళు పీట మీదే ఉంచి, ఊపిరి వదిలి, కొంచెం లేవడం. తర్వాత ఒక కాలే పీట మీద. తొందరేసినప్పుడల్లా పొట్ట మీద చెయ్యి వేసి చూసుకునేది. గట్టు లేవలేదంటేనే ముందుకు.

సెలవయ్యి పనికొచ్చిన రోజు యార్డులో పనివాళ్ళంతా టీ గ్లాసులు పట్టుకుని పాత పెట్టె చుట్టూ చేరారు. అత్తగారు పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని ఒక పాత మోటారు మీద రాణిలా కూర్చుంది.

"పిట్ట కాస్తా బాతైందిరోయ్," అన్నాడు బొజ్జాయన.

"బాతైతే ఏంటి? ఈత కూడా వస్తుంది. ముందు నువ్వు నీ బొజ్జను దాటి నీ చెప్పులు చూసుకో," అంది పిట్ట. అత్తగారు అందరికన్నా ముందు నవ్వింది.

నిచ్చెనెక్కి పెట్టె నెత్తి మీద నిలబడి, బెల్టు విప్పి తాడుతో కన్నంలోంచి కిందికి దించింది. దిగడం క్షణంలో అయిపోయింది. లోపల తుప్పు వాసన, నెత్తి మీద నలుచదరంగా ఆకాశం. చేతులు చాపి అంచు పట్టుకుని లేవబోయింది. సగానికి వచ్చి భుజాలు వణికి మళ్ళీ నేల మీదికి జారింది.

ఊపిరి బిగబట్టానని అప్పుడు గుర్తొచ్చింది. అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంది. అంచు పట్టుకుంది. ఉస్సుమని వదిలింది, పొట్ట లోపలికి తలుపులా మూసుకుంది, అప్పుడు లాగింది. మోచేతులు అంచెక్కాయి, తర్వాత ఛాతీ, తర్వాత మోకాలు. పెట్టె నెత్తి మీద కూర్చుని చూసుకుంటే చొక్కా ముందు భాగమంతా పాలతో తడిసిపోయింది. కింద పిల్లవాడు మేస్త్రి గొంతుతో ఏడుస్తున్నాడు.

"ఇంకోసారి చేసి చూపించనా?" అంది.

"ఎందుకూ, కళ్ళు లేవా మాకు?" అన్నాడు మేస్త్రి. "ఆ మూల భవనంలో లిఫ్టు తలుపు మొరాయించిందట, ఫోనొచ్చింది. వెళ్తావా?"

"వెళ్తానండీ. ముందు మీ గది ఖాళీ చెయ్యండి, వాడికి ఆకలేస్తోంది. పాలిచ్చి వస్తాను, ఈలోగా నా బెల్టు పైకి తీసి పెట్టండి."

అని నిచ్చెన దిగి, ఊపిరి వదిలి, అత్తగారి ఒళ్ళోంచి కొడుకును ఎత్తుకుంది.