పాప మంచం పక్కన ఎవరి ఊపిరి?

“నిద్రలో పాప ఊపిరి ఆగిపోతే మనకెలా తెలుస్తుంది?”

నేను ఈ మాట అడగని రోజు లేదు. నా భార్య విసుక్కునేది. ఆమె చెల్లెలు మాత్రం, “నీ భయానికి మందు నా థీసిస్‌లో ఉంది బావా,” అంది.

మా మరదలు వైఫై తరంగాలతో మనిషి శ్వాసను కొలిచే పరిశోధన చేస్తోంది. ఒంటికి ఏమీ తగిలించనక్కర్లేదు. ఛాతీ లేచి పడుతుంటే దాన్ని తాకి వచ్చే తరంగం కాస్త మారుతుంది. ఆ మార్పే కంప్యూటర్ తెర మీద అలలా కదులుతుంది. మరదలు ఒక్కచోట కూర్చోలేని పిల్ల. ఫోన్‌లో మాట్లాడుతూ గదంతా తిరుగుతుంది, టీ పెట్టుకుని తాగడం మరిచిపోతుంది. ప్రయోగశాలలో ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. వాటితోపాటు ఒక నిజమైన ఇంట్లో కూడా కొలిచి చూపించాలని ఆమె పట్టుదల. అందుకు మా ఇల్లు దొరికింది.

ఆదివారం మధ్యాహ్నం పాప నిద్రపోగానే మంచానికి అటూ ఇటూ రెండు చిన్న పెట్టెలు పెట్టింది. ఫ్యాన్ ఆపించింది. తెర మీద అల మొదలైంది. నేను పాప మీదికి వంగి, రెప్ప వేయకుండా తెరనే చూస్తున్నాను. ఉన్నట్టుండి అల చదునై గీతైపోయింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పాపను లాక్కుని ఎత్తుకోబోయాను.

“ఆగు బావా! తెర వదిలేసి పాపను చూడు.”

పాప పొట్ట హాయిగా లేచి పడుతోంది. నేను హమ్మయ్య అనగానే తెర మీద అల మళ్ళీ లేచింది.

“నువ్వు ఊపిరి బిగబట్టావు కదూ?” అంది మరదలు. “పాప ఛాతీ గుప్పెడంత. పక్కన నువ్వు ఇంత మనిషివి. ఇందాకటి నుంచీ ఇది కొలుస్తున్నది నిన్ను!”

“పోనీలేవే, మీ బావకు ఊపిరుందని తేలింది,” అంది నా భార్య వంటింట్లోంచి.

మరదలు నవ్వలేదు. తన థీసిస్ గైడ్‌కి ఫోన్ చేసింది. ఇంటి ఫలితం పక్కన పెట్టి, ప్రయోగశాలలో వచ్చింది రాసివ్వమన్నాడాయన.

“ఆయనే వద్దంటుంటే నీకెందుకే? పట్టా చేతికొచ్చాక సరిచేసుకో,” అంది నా భార్య.

“రేపు ఏ పాపకో నిజంగా ఊపిరాగితే, పక్కనున్న నాన్న ఊపిరి చూపించి అంతా బాగుందంటుందక్కా ఇది!”

జరిగింది జరిగినట్టే రాసిచ్చింది. పట్టా ఏడాది వెనక్కి పోయింది. ఇప్పుడు ఒకే గదిలో ఇద్దరి శ్వాసలను విడదీయడానికి తంటాలు పడుతోంది. పెట్టెలు మా ఇంట్లోనే ఉంచమని బతిమాలినా ఒప్పుకోలేదు. వెళ్తూ వెళ్తూ చెప్పిన మాటనే నేనిప్పుడు పాటిస్తున్నాను, రోజుకు ఎన్నిసార్లో మాత్రం అడక్కండి:

“భయం వేసినప్పుడల్లా గుమ్మం దగ్గరే ఆగు బావా. ముందు నీ ఊపిరి పూర్తిగా వదులు. తర్వాత వెళ్ళి పాప పొట్ట మీద చెయ్యి వెయ్యి.”