డబ్బాకో ప్రశ్న

స్టోరు బాబాయికి ఒకటే జబ్బు. ప్రశ్న అడగందే డబ్బా ఇవ్వడు. ఆ పెద్ద లాండ్రీలో చెంచాడు బ్లీచింగ్ కావాలన్నా ఆయన కిటికీ ముందు నిలబడి జవాబు చెప్పాల్సిందే.

"ఇది కంట్లో పడితే?"

"పావుగంట నీళ్ళతో కడగాలి. నిన్ననేగా చెప్పాను బాబాయ్!" అన్నాడు ఇస్త్రీ మేస్త్రి.

"నిన్నటి కన్ను నిన్నటిది. ఇవాళ్టి సంగతి చెప్పు."

ఓసారి యజమానే సబ్బు కోసం వస్తే ఆయన్నీ వదల్లేదు. పాపం యజమాని తప్పు జవాబు చెప్పి, చేతులు కడుక్కోకుండానే భోజనానికి వెళ్ళాడు.

కంపెనీ పద్ధతి వేరు. ఏ రసాయనంతో ఏ ప్రమాదమో చెప్పే నాలుగువందల పేజీల ఫైలు ఆఫీసు బీరువాలో ఉండేది. పనివాళ్ళ చేతుల్లో పడితే నలిగిపోతుందని తాళం వేశారు.

ఒకరోజు కొత్త సేఫ్టీ ఆఫీసరు దిగాడు. "డబ్బాల మీది హెచ్చరికల గురించి రేపు రాతపరీక్ష. తప్పినవాళ్ళు ఎల్లుండి నుంచి రానక్కర్లేదు" అన్నాడు.

నేలలు కడిగే అక్కకి చదవడం రాదు. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వకుండా ఎనిమిదేళ్ళు నెట్టుకొచ్చింది. ఇద్దరు పిల్లల చదువులూ ఆ జీతం మీదే నడుస్తున్నాయి.

మర్నాడు ఆఫీసరు ప్రశ్నపత్రాలు పట్టుకొచ్చి, అందరికీ చూపించడానికి బ్లీచింగ్ డబ్బా ఒకటి ఇమ్మన్నాడు.

"దీన్ని దేంతో కలపకూడదు సార్?" అన్నాడు బాబాయి, డబ్బా మీద చెయ్యి వేసి.

"అదంతా ఫైల్లో ఉంది."

"ఫైలు?"

"బీరువాలో."

"మరి తాళంచెవి?"

ఆఫీసరు జేబులు తడుముకున్నాడు. వెనక నవ్వులు మొదలయ్యాయి.

"ఆసిడ్‌తో కలపకూడదు సార్" అంది అక్క, ఉండబట్టలేక. "కలిస్తే విషపుగాలి వస్తుంది. బకెట్ అక్కడే వదిలేసి, అందర్నీ కేకేసి బయటికి పరిగెత్తాలి."

ఆఫీసరు ప్రశ్నపత్రాలు మడిచి చంకలో పెట్టుకున్నాడు. "నోటిపరీక్షే నయం. నేను మొదట్నుంచీ అదే అంటున్నాను. ఈవిడ పాస్!" అన్నాడు. బాబాయి మాత్రం ఆయనకి డబ్బా ఇవ్వలేదు.

అందరూ వెళ్ళాక అక్క కిటికీ దగ్గరే ఆగింది.

"బాబాయ్, నీకో మాట చెప్పాలి. నాకు చదువు..."

"తెలుసులే. మొదటిరోజు డబ్బా మీద చీటీ చదవమంటే కళ్ళజోడు మర్చిపోయానన్నావు. నీకు కళ్ళజోడెక్కడిది?"

"మరి ఎవరితోనూ అనలేదేం?"

"అనడమెందుకు? నిన్నొక్కదాన్నే కూర్చోబెట్టి నోటితో చెప్పిస్తే నలుగురికీ తెలిసిపోదూ? అందుకే అందర్నీ అడగడం మొదలెట్టాను. ఎనిమిదేళ్ళుగా నా నోరు నొప్పెడుతోంది."

అక్కకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. తడి గ్లౌజు చేత్తోనే కళ్ళు తుడుచుకోబోయింది.

"ఆగు!" అని గుడ్లురిమాడు బాబాయి. "ఆ చెయ్యి కంటికి తగిలితే ఏమవుతుందో ముందు చెప్పి, తర్వాత ఏడువు."