వేలు వదలని ఉంగరం

మా మామ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను ఆత్మకూరులో నా కుట్టు కొట్లో ఎవరిదో పెళ్లి జాకెట్‌కు చేతులు అతుకుతున్నాను. ఫోనులో మా అత్త గొంతు. "అమ్మణ్ణీ, మీ మామ దిగిపోయినాడే" అంది. ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేసిన మనిషి గురించి ఆయన పెళ్లాం చెప్పిన మాట అది. నాకు ముందు ఏడుపు రాలేదు. "ఏ స్టాపులో?" అన్న మాట వచ్చింది. ఆ తర్వాతే మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. జాకెట్ మీద మరకలు పడ్డాయి. ఆ పెళ్లికూతురు నన్ను క్షమించాలి.

ఆయన మా అమ్మకు అన్న. కాపురం ఉదయగిరిలో. ఉదయగిరి నుంచి ఆత్మకూరు, ఆత్మకూరు నుంచి ఉదయగిరి తిరిగే బస్సులోనే ఆయన వయసంతా గడిచిపోయింది. రిటైరయ్యాక కూడా ఆ ఉద్యోగం ఆయన్ని వదల్లేదు. పెళ్లి భోజనాల్లో బంతి దగ్గర నిలబడి "ముందుకు జరగండమ్మా, లోపల ఖాళీ ఉండాది" అని జనాన్ని సర్దేవాడు. అత్త పోసిన కారం దోసె తినడం అయిపోతే పళ్లెం అంచు మీద రెండు వేళ్లతో టకటకా కొట్టి "రైట్" అనేవాడు. ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా బయల్దేరితే గడప దగ్గర నిలబడి తలకాయలు లెక్కపెట్టుకోనిదే కదలనిచ్చేవాడు కాదు.

ఒకసారి జలదంకిలో పెళ్లికి పోయి జీపులో తిరిగి వస్తుంటే లెక్కలో ఒక తల ఎక్కువొచ్చింది. చూస్తే ఎవరో ముసలాయన, పెళ్లి భోజనం దండిగా పట్టించి, మా జీపు తమ ఊరి జీపనుకుని ఎక్కి వెనక సీట్లో గురక పెడుతున్నాడు. లేపి ఇక్కడే దించేద్దామని మా నాయన అన్నాడు. మామ ఒప్పుకోలేదు. "ఎక్కినోడు ఎక్కినాడు బావా. మధ్యలో దించేస్తే అది బస్సు కాదు, దొంగబండి. ఏ ఊరో కనుక్కో" అన్నాడు. ఆ ముసలాయన్ని వాళ్ల ఊళ్లో, వాళ్ల వాకిట్లో దించి మరీ మేము ఇంటిదారి పట్టాం. దారి పొడుగునా మా అమ్మ తన అన్నను తిడుతూనే ఉంది.

అటువంటి మనిషికి గుండెదడ మొదలైంది. ఆత్మకూరులో గుండె డాక్టరు చూసి, మందులు రాసి, గుండె ఎట్లా కొట్టుకుంటోందో గమనించుకుంటూ ఉండమన్నాడు. చేతికి కట్టుకునే స్మార్ట్ వాచీ కొనిస్తానన్నాను. "వాచీ వద్దు గాక వద్దు. ఇన్నేళ్లు దాన్ని చూసి చూసి, లేటు లేటని జనం చేత తిట్లు తిని బతికినా. ఇప్పుడు నేను ఎవురికి లేటు?" అన్నాడు. మొండితనంలో నేనూ ఆయన మేనకోడల్నే. వేలికి పెట్టుకునే స్మార్ట్ ఉంగరం తెప్పించాను. పైకి మామూలు నల్ల ఉంగరం. లోపల బియ్యపుగింజంత బ్యాటరీ. గుండె వేగం, నిద్ర, అన్నీ మామ ఫోనుకు చెబుతుంది. అక్కడి నుంచి నా ఫోనుకు కూడా వచ్చేటట్టు పెట్టుకున్నాను. ఆత్మకూరులో మిషను తొక్కుకుంటూ ఉదయగిరిలో మా మామ గుండె చూసుకోవచ్చన్నది నా ఆశ. నాకు నాయన తర్వాత నాయన ఆయనే.

డబ్బా విప్పగానే అత్త ఉంగరాన్ని లాక్కుంది. మా ఇళ్లల్లో కొత్త ఉంగరాన్ని వచ్చింది వచ్చినట్టు తొడగరు. అది ఏ రాయో, ఏ గ్రహానిదో చూసి, ఆ గ్రహం వారం నాడు పాలలో ముంచి, దేవుడి ముందు పెట్టి, అప్పుడు తొడుక్కోవాలి.

"ఇది ఏం రాయే?" అంది.

"రాయి లేదత్తా. బ్యాటరీ ఉండాది."

"బ్యాటరీ ఏ గ్రహానికి?"

"ఏ గ్రహానికీ కాదు. గుండెకు."

అంతలో ఉంగరం లోపల పచ్చలైటు వెలిగింది. గుండె వేగం చూసే లైటు అది. దాంతోపాటు అత్త ముఖమూ వెలిగింది. "అబద్ధాలు చెప్తావేందే! లోపల పచ్చ ఉండాది గదా. పచ్చంటే బుధుడు. బుధవారం పెట్టుకోవాల" అని తేల్చేసింది. ఆ బుధవారం ఆవుపాలలో ముంచింది. అంతటితో ఊరుకుందా? జబ్బు మొండిదని ప్రతి బుధవారమూ ముంచింది. నీళ్లు తగిలినా ఏం కాదని డబ్బా మీద రాశారు గానీ పాల సంగతి ఎవరూ రాయలేదు. నువ్వైనా చెప్పు మామా అంటే, "బస్సులో డ్రైవరు మాట, ఇంట్లో మీ అత్త మాట. మనది టికెట్లు కొట్టే పనేనమ్మణ్ణీ" అన్నాడు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. పోయిన ఏటి ఎండాకాలంలో ఉంగరం బిగుతవడం మొదలైంది. తన ఒళ్లే పెరిగిందనుకున్నాడు మామ. దోసెలు తగ్గించాడు. అత్త కూరలో ఉప్పు తగ్గించింది. పొద్దున్నే కొండవైపు నడక మొదలుపెట్టాడు. మనిషి చిక్కిపోయాడు, ప్యాంటు జారిపోతోంది, ఉంగరం మాత్రం ఇంకా బిగుస్తోంది. ఒక ఆదివారం నేను వాళ్లింటికి పోతే నా ముందు చెయ్యి చాపాడు. "ఏందిది? ఒళ్లంతా తగ్గి ఈ యేలొక్కటే బలుస్తా ఉండాదే!"

చెయ్యి వెలుతురుకు తిప్పి చూశాను. ఉంగరం లోపలి పొర పొంగి కండలోకి దిగబడింది. వేలి చివర వంకాయ రంగు. లోపల బ్యాటరీ ఉబ్బింది. ఉబ్బిన బ్యాటరీ ఎప్పుడు పొగ కక్కుతుందో ఎవరూ చెప్పలేరు. అత్త అప్పటికే సబ్బు, కొబ్బరినూనె, ఆముదం, నెయ్యి అన్నీ ప్రయోగించి ఉంది. వేలు పోపుకు సిద్ధంగా ఉంది గానీ ఉంగరం కదల్లేదు. గుండె డాక్టరు మీదే మామకు గురి. ఆయన ఉండే ఆత్మకూరు ఆస్పత్రికే పోదామన్నాడు. అప్పుడే కదులుతున్న బస్సెక్కాం.

వాపు దిగాలంటే చెయ్యి గుండెకంటే ఎత్తులో ఉంచాలని ఫోనులో చదివాను. మామను కిటికీ పక్కన కూర్చోబెట్టి చెయ్యి పైకెత్తి పట్టుకోమన్నాను. ఆ దారిలో ఆయన్ని ఎరగని వాళ్లు లేరు. దుత్తలూరులో, ఆ పక్క పల్లెల్లో, రోడ్డు పక్కన గొర్లు తోలుకునేవాళ్లు సైతం మామ తమకే దణ్ణం పెడుతున్నాడనుకుని చేతులెత్తారు. ఊరేగింపులో పోతున్న ఎమ్మెల్యేలాగా ఉన్నాడు మామ. నాకేమో నవ్వు, ఏడుపు కలిసి వస్తున్నాయి.

అట్లా పోతూనే ఉంగరం కంపెనీకి ఫోన్ కలిపాను. మామ స్పీకరు పెట్టమని, బ్యాటరీ ఉబ్బిన సంగతి తనే చెప్పాడు. బస్సంతా చెవులు రిక్కించింది.

"సార్, మీ ఉంగరం వారంటీ గడువు పోయిన నెలలో ముగిసిందండి" అంది ఆ అమ్మాయి, చిలకపలుకుల తెలుగులో.

మామ చెయ్యి దించకుండానే లేచి నిలబడ్డాడు. వాదన వస్తే ఆయన కూర్చోలేడు.

"పాపా, నేను కండక్టర్ని. ఒక మాట అడుగుతా చెప్పు. ఒకాయనకాడ బస్సు పాసు ఉండాది. ఈ పొద్దుతో ఆఖరు. ఎక్కినాడు. దారిలో బస్సు చెడిపోయింది. బాగుచేసేలోపల తెల్లారింది. పాసు అయిపోయిందని ఆయన్ని అడివిలో దించేస్తానా?"

"సార్, అది వేరండి..."

"దించతానా, దించనా? అది చెప్పు."

"దించరు సార్."

"మరి నన్నెందుకు దించతా ఉండావు? చెడిపోయింది మీ బండి. నేను దిగలేదే. ఉంగరం ఇంకా యేలికే ఉండాది!"

"అద్దీ!" అన్నారు వెనక సీటు వాళ్లు. ఆ అమ్మాయి కొంచెం తడబడి, పైవాళ్లను అడుగుతానంది. అయితే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలట. ఉంగరానికి నీళ్లు కాకుండా ఇంకేదైనా తగిలిందా అని.

నేను మామ డొక్కలో మోచేత్తో పొడిచాను. లేదని చెప్పు మామా, నీకు పుణ్యముంటుంది అని సైగలు చేశాను. ఆయన నావైపు చూడనైనా చూడలేదు.

"తగిలినాయి తల్లీ. పాలు."

"పాలా సార్?"

"ఆవుపాలు. బుధవారం బుధవారం."

"ఒక్క నిమిషం సార్" అని ఆ అమ్మాయి లైను ఆపింది. ఫోనులో పాట మొదలైంది. ఆ పాట సాగినంతసేపూ బస్సులో తలా ఒక వైద్యం చెప్పారు. ఏ.ఎస్. పేట దర్గాకు పోతున్న ఒక ముసలామె లేచి వచ్చి, "పరేషాన్ కాబాక బేటా, నీ వేలు కోసం దువా చేస్తాలే" అని మామ వేలి మీద మెల్లగా ఊదింది. అప్పటిదాకా హుషారుగా ఉన్న మామ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నావైపు వంగి, ఎవరికీ వినపడకుండా, "యేలు తీసేస్తారా అమ్మణ్ణీ?" అన్నాడు. ఆయన భయపడటం నేను చూడటం అదే మొదలు.  ఊరికే తీసేస్తారా, నేను లేనా అని కసిరాను.

పాట ఆగింది. "సార్, పాల వల్ల కాదంట. బ్యాటరీ ఉబ్బితే అది మనిషికి ప్రమాదం కాబట్టి గడువు అయిపోయినా ఉచితంగా కొత్తది ఇస్తామండి. మీరు ముందు పాత ఉంగరం మాకు పంపించాలి."

బస్సులో చప్పట్లు. మామ మాత్రం చెయ్యెత్తి అందరినీ ఆపాడు. ఎత్తే ఉంది కాబట్టి తేలికైంది.

"ఎట్ట పంపేది తల్లీ? ఉంగరం యేలికి ఉండాది. యేలు చేతికి ఉండాది. చెయ్యి నాకు ఉండాది. మేమంతా కలిసి కొరియర్లో వచ్చేదా?"

అవతల ఆ అమ్మాయికి నవ్వు ఆగలేదు. చిలకపలుకులు ఎక్కడికి పోయాయో, "అయ్యో, అసలు ఊడి రానే లేదా పెదనాయనా? లాగబాకండి, కత్తిరించబాకండి, వేడి తగలనీబాకండి. ముందు ఆస్పత్రికి పోండి, తతిమ్మాది నేను చూసుకుంటా" అంది.

"యాడమ్మా మీది?"

"వింజమూరు కాడ."

"అట్ట చెప్పు!" అన్నాడు మామ, సగం వేలు నయమైనట్టు.

ఆస్పత్రిలో డాక్టరు కత్తిరించే పరికరం పట్టుకొచ్చి, లోపల బ్యాటరీ ఉందనగానే దాన్ని దూరంగా పెట్టేశాడు. నర్సమ్మ గట్టి సన్నదారం కావాలంది. మగ్గం పని పట్టుదారం నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. ఆమె దారం కొస ఉంగరం కిందుగా దూర్చి, వేలి కణుపు దాకా ఒత్తుగా చుట్టి, కొస పట్టుకుని విప్పుతూ వచ్చింది. దారం విడుతున్న కొద్దీ ఉంగరం ఇంత ఇంతగా ముందుకు జరిగింది. మామ పళ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు. అయినా నోరు ఊరుకుంటుందా? "రానీ, రానీ, రానీ... లెఫ్ట్ కొట్టు... రానీ..." అంటూనే ఉన్నాడు. నర్సమ్మ నవ్వు ఆపుకోలేక రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఉంగరం ఊడి వచ్చాక దాన్ని బయట ఇసుక బకెట్లో పాతిపెట్టారు. వేలికి మెల్లగా రంగు తిరిగింది. మామ ఆ వేలిని బల్ల మీద కొట్టి చూసుకుని "రైట్" అన్నాడు. నేను నర్సమ్మను పట్టుకుని ఏడ్చేశాను.

ఉబ్బిన బ్యాటరీని ఏ కొరియరు వాళ్లూ ముట్టుకోలేదు. వింజమూరు అమ్మాయి ఫోటోలు చాలని పైవాళ్లను ఒప్పించింది. చెప్పిన మాట ప్రకారం కొత్త ఉంగరం వచ్చింది. అత్త గిన్నెలో పాలు పోసుకుని సిద్ధంగా కూర్చుంది. మామ బతిమాలితే, పాలు డబ్బా మీద చిలకరించి సరిపెట్టుకుంది.

అంతటితో ఆయన ఊరుకుంటే మా మామ ఎందుకవుతాడు? "నా ఒక్కడిదే ఉబ్బిందా? నా ఎనకాల ఎక్కినోళ్ల సంగతేంది?" అని బస్టాండుకు పోయి, వాచీ పెట్టుకున్న ప్రతివాడి చెయ్యీ పట్టుకుని తిప్పి చూసేవాడు. మొదట్లో కాలేజీ పిల్లలు ఏ పిచ్చాయనో అనుకుని పరిగెత్తారు. ఒకమ్మాయి వాచీ అద్దం నిజంగానే లేచి ఉంటే తనే కంపెనీకి ఫోన్ చేసి, పాసు కథ మళ్లీ మొదటినుంచి చెప్పి, దాన్ని ఉచితంగా బాగుచేయించాడు. ఆ తర్వాత పిల్లలే వచ్చి చేతులు చాపేవాళ్లు.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం అన్నం తిని, వాకిట్లో కుర్చీలో కునుకు తీసినవాడు తీసినట్టే పోయాడు. నేను చేరేసరికి స్నానం చేయించడానికి నీళ్లు తెచ్చారు. ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు. అత్త ఆయన చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. ఉంగరం ఊరికే ఇట్లా పట్టుకోగానే వచ్చేసింది. ఎవరూ లాగలేదు. అంతసేపూ ధైర్యంగా ఉన్న అత్త అప్పుడు గొల్లుమంది. "ఇంత సుళువుగా వదిలేస్తావా అయ్యా" అని ఏడ్చింది. ఆ మాటకు అక్కడున్న మగవాళ్లు కూడా తువ్వాళ్లు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు.

కర్మలయ్యాక ఆ ఉంగరం ఏం చేద్దామని అడిగాను. అత్త దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. బొటనవేలికి తొడుక్కుని లోపలికి వెళ్లిపోయింది.

మామ ఫోను కూడా ఇప్పుడు అత్త సంచిలోనే ఉంటుంది. అప్పటినుంచి నా ఫోనులో "మామ" అన్న పేరు కింద గుండె మళ్లీ కొట్టుకుంటోంది. పేరు మార్చుకోవచ్చు. నాకు చేతులు రాలేదు. ఈ పొద్దు అత్త నన్ను చూడటానికి ఆత్మకూరు వస్తానంది. కొట్టు తెరిచి ఫోను చూసుకుంటే గుండె దడదడా కొట్టుకుంటోంది. బస్సు కదిలిపోతుంటే పరిగెత్తుతున్నట్టుంది. కత్తెర కింద పెట్టి అట్లాగే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి మామ పేరు కింద గుండె నెమ్మదించింది. సీటు దొరికినట్టుంది.