సగం ముద్ద

ఎనభైల మొదట్లో, కాటన్‌పేటలో మా మామగారి బట్టల గోడౌనుకు కాపలాకని తెచ్చిన అల్సేషియన్ కుక్కపిల్ల అది. మా కాపురం గోడౌను పైనే. ఏడాది నిండకుండానే అది ముందుకాళ్లు కుంటడం మొదలుపెట్టింది. ఎముకలకు బలమని మా అత్తగారు రాగిముద్దలో పాలు, నెయ్యి కలిపి బాలింతకు పెట్టినట్టు పెట్టారు. అది బాగా ఒళ్లు చేసి ఇంకా కుంటింది. మెట్లు దిగలేకపోతే నేనే ఎత్తుకుని దించేదాన్ని. ఇంటెడు చాకిరీకి తోడు నాకు ఇదొకటి.

పశువుల ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. పెద్ద జాతి కుక్కలకు ఎదిగే వయసులో వచ్చే జబ్బట. మోచేతి కీళ్లలో ఎముక సరిగా అతకలేదట. పూర్తిగా నయం కాదనీ, గెంతనివ్వకుండా, తిండి తగ్గించి బరువు దించకపోతే ఉన్న నడక కూడా పోతుందనీ డాక్టరు చెప్పాడు. వానలు పడేలోగా కుదుటపడకపోతే ఊరవతల యలహంకలో ఎవరి తోటకైనా ఇచ్చేస్తానని మామగారు తేల్చేశారు.

"నోరులేని దాని కడుపు మాడ్చేది నా చేత కాదు. నీకు మనసొస్తే నువ్వే పెట్టు" అన్నారు అత్తగారు. అలా ఆ పాపం నా నెత్తిన పడింది.

పూటకు సగం ముద్దే పెట్టేదాన్ని. గిన్నె నాకేసి నా మొహంలోకి చూసేది. నేను తల తిప్పుకుని అంట్లు తోముకునేదాన్ని. ఒకరోజు పక్కింటావిడ నాకు వినబడేలాగే, "మీ కోడలికి పెట్టే చెయ్యి లేదేమో అక్కా, కుక్క అట్ల చిక్కిపోయుండాది" అంది. అత్తగారు నిట్టూర్చి దాని వీపు నిమిరారు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా మధ్యాహ్నం మళ్లీ సగమే పెట్టాను.

తొలి వాన పడిన మర్నాడు, దాన్ని దించడానికి నేను మెట్ల దగ్గరికి వచ్చేసరికి అదే తనంతట తాను దిగుతోంది. కాస్త కుంటుతూనే, ఆగి ఆగి దిగింది. గోడౌను గుమ్మంలో నిలబడి చూసిన మామగారు యలహంక మాట మళ్లీ ఎత్తలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. రమ్మని చేతులు చాచాను.

అది నన్ను దాటుకుని పోయి, వాకిట్లో కూర్చున్న అత్తగారి ఒళ్లో తల పెట్టింది.

"చూస్తివా, నా బంగారు నడస్తా ఉండాది" అన్నారామె, దాని చెవులు నిమురుతూ.

నేను లోపలికి వెళ్లి ముద్దకు ఎసరు పెట్టాను. దాని వంతు ఆ రోజూ సగమే.